మాంగ్ సెవెరో బల్ల మీది మూడో కెమెరా

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా కూతురు ఏడుస్తూ ఉంటే ఎవరికీ వినపడకపోవడం.

దొంగలంటే, చీకటంటే, ఆఖరికి కత్తి పట్టుకున్న మనిషంటే కూడా నాకు అంత భయం లేదు. ఈ పనిలో దిగాక అవన్నీ చూశాను. కానీ మయూమిని ఇంకొకరి చేతుల్లో పెట్టి గుమ్మం దాటే ప్రతిసారీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తాను. దానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. వాళ్ళ నాన్న ఓడ మీద పనిచేస్తాడు. సిగ్నల్ దొరికిన రోజు మాట్లాడతాడు, దొరకని రోజు లేదు. అందుకని నేను పనికెళ్ళినప్పుడల్లా మయూమి పక్కింటి ముసలమ్మ లోలా కొన్సింగ్ దగ్గర ఉంటుంది.

లోలాకి అదంటే ప్రాణం. చెవులు మాత్రం మిషను పెట్టుకుంటేనే పనిచేస్తాయి. ఆ మిషనులో వేసే గుండీ బ్యాటరీలు మా చేపల రేవు పేట నవోతాస్‌లో దొరకవు. నగరంలో కియాపో వైపు పనిపడినప్పుడు నేనే కొనుక్కొస్తాను. ఆవిడకు కళ్ళు కూడా మసకే. ఏ వైపు పైకి పెట్టాలో తెలీక తిప్పలు పడుతుంటే చూడలేక, ప్రతి బ్యాటరీకి కింది వైపు అంచున నా గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. వేలికి గరుకు తగిలితే అది కిందకి పోవాలి. అంతే లెక్క. ఆవిడ నవ్వి, బ్యాటరీలకి కూడా సింగారమా అంది.

ఈ మధ్య లోలా ఇంట్లో నెస్తోర్ అనే అబ్బాయి దిగాడు. సమార్ దీవి నుంచి వచ్చాడట, చేపల రేవులో పని వెతుక్కుంటున్నాడట, ఆవిడ తమ్ముడి మనవడట. ఉయ్యాల్లో ఉన్నప్పుడు చూసిన పిల్లవాడు ఇంతవాడయ్యాడని లోలా అందరికీ చూపించుకుంది. నెమ్మదస్తుడు. తిన్న గిన్నె తానే కడుగుతాడు, మా గిన్నెలు కూడా కడిగి బోర్లిస్తాడు. పొద్దున తాహో, అదే తియ్యటి సోయా పాయసం, అమ్మేవాడి కేక వినపడితే మయూమికి కప్పు కొనిపెడతాడు. పోనీలే, ఆ ఇంట్లో చెవులున్న మనిషి ఒకడున్నాడని నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

శుక్రవారం పొద్దున మయూమిని దింపడానికి వెళితే లోలా చెవిలో మిషను లేదు. ఉన్న బ్యాటరీ అయిపోయిందట, సొరుగులో పెట్టిన కొత్త ప్యాకెట్టు కనపడడం లేదట. నేను వెతికాను. నెస్తోర్ చాప ఎత్తి మరీ వెతికాడు. దొరకలేదు. కియాపో నుంచి తెస్తానని లోలాకి సైగ చేసి చెబుతూ ఉండగా ఫోన్ మోగింది.

ఫోన్ అటార్నీ కియాంబావ్‌ది. నేను పనిచేసేది ఆవిడ దగ్గరే. ఆవిడ కోర్టులో మాట్లాడుతుంది, ఆవిడకి కావలసిన సాక్ష్యాలు నేను బయట తిరిగి తెస్తాను.

"లిగాయా, సెవెరో తల పగలగొట్టారు. బతికే ఉన్నాడు, స్పృహ లేదు. కెమెరా కొట్టంతా చిందరవందర చేశారట. ఫిల్ము రోలు సంగతి చూడు," అంది.

ఆ రోలు ఏమిటో చెప్పాలి. కలూకాన్‌లో బెనితెస్ అనే ఆయన కుట్టు కార్ఖానా తగలబడి నలుగురు ఆడవాళ్ళు లోపలే పోయారు. వాళ్ళలో ఒకమ్మాయి లోలా కొన్సింగ్ చర్చిలో చేతులమీద పెట్టుకుని పేరు పెట్టించిన పిల్ల. తలుపుకు బయట తాళం వేశారని బతికి బయటపడ్డవాళ్ళు అంటున్నారు. అసలు బయటవైపు గొళ్ళెమే లేదని బెనితెస్ ప్రమాణం చేశాడు. మంటలారేసరికి ఆ తలుపు మాయమైంది. కానీ అంతకు కొద్ది వారాల ముందు నేను వేరే కేసులో ఒకడి వెనక తిరుగుతూ అదే సందులో ఒక బొమ్మ తీశాను. వాడి వెనకాల ఆ తలుపు కూడా బొమ్మలో పడి ఉండాలి. పడిందో లేదో ఫిల్ము కడిగితే గానీ తెలీదు. ఫోనులో తీసిన బొమ్మయితే మార్చారంటారు, నెగటివు పెడితే జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు అంటుంది అటార్నీ. అందుకే నా చేత ఫిల్ము వాడిస్తుంది.

ఆ బొమ్మ తీసిన కెమెరా కియాపోలో హిడాల్గో వీధిలో కెమెరాలమ్మే ముసలాయన మాంగ్ సెవెరో అద్దెకిచ్చినది. పాతకాలపు రేంజ్‌ఫైండర్. కన్ను పెట్టి చూస్తే రెండు బొమ్మలు కనిపిస్తాయి, అవి ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా తిప్పి నొక్కాలి. చప్పుడు చేయదు. పక్కన నిలబడ్డవాడు కూడా తల తిప్పడు. నా పనికి అంతకంటే మంచిది లేదు గానీ దాని బ్యాటరీ చచ్చింది, అలాంటిది ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. అద్దె కెమెరా తిరిగిచ్చి, రోలు కడగమని చేతిలో పెట్టి, బ్యాటరీ ఎక్కడైనా దొరికే కెమెరా ఒకటి సొంతంగా కొనుక్కుంటానని సెవెరోకి చెప్పాను. శుక్రవారం రా, మూడు తీసి పెడతాను, ఎంచుకో అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఆ మూడూ బల్ల మీద వరసగా ఉన్నాయి. ఎంచిపెట్టే మనిషే లేడు.

కొట్టు మేడమీద. కింద ఆలింగ్ తొమాసా గంజి అన్నం అమ్ముతుంది. పోలీసులు వచ్చి, చూసి, దొంగతనం అని రాసుకుని, మెట్లకి పసుపుపచ్చ టేపు కట్టి వెళ్ళిపోయారట. టేపు కింద నుంచి దూరి పైకి వెళితే అప్పటికే ఒకాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. డెల్ఫిన్ యూసోన్. పెద్ద ఏజెన్సీలో పరిశోధకుడు. ఈ కేసులో బెనితెస్ లాయర్ల తరఫు మనిషి.

"వచ్చావా. ఈసారి పిల్లని చంకనేసుకు రాలేదే," అన్నాడు. ఒకసారి గత్యంతరం లేక మయూమిని కోర్టు వరండాకి తీసుకెళ్ళాను. అది ఈయన బూట్ల మీద పాలు కక్కింది. అప్పట్నుంచీ ఇదే మాట.

"మీరు మాత్రం బెనితెస్‌ని చంకలోంచి దింపడం లేదుగా, సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకు అదే కొత్తగా అనిపించింది.

రోలు ఎక్కడ అని అడిగాను. నేనూ దాని కోసమే వచ్చానన్నాడు. రోలు కోర్టుకు అప్పగించమని ఉత్తర్వు తెచ్చుకుని, పొద్దున్నే సెవెరో చేతికిద్దామని వస్తే మెట్ల మీద పోలీసులు కనిపించారట. మేము కాగితాలు పంపుతాం గానీ ముసలాళ్ళ బుర్రలు పగలగొట్టం అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని ముఖం మీదే చెప్పాను. రెండో ఏడు హైస్కూల్లో బడి మానేసిన పిల్ల నమ్మినా నమ్మకపోయినా తనకు ఒకటే అన్నాడు. బడిలో ఎక్కువ కాలం ఉన్నవాళ్ళంతా బెనితెస్ పక్కనే ఎందుకున్నారో చెప్పమన్నాను. అలా కాసేపు ఒకరినొకరు గీరుకున్నాం.

నేను కిందకి దిగి ఆలింగ్ తొమాసాని పట్టుకున్నాను. చర్చికి వచ్చే జనం శుక్రవారం పొద్దున్నుంచే ఆ వీధి నింపేస్తారు. గరిటె ఆపకుండానే చెప్పింది. పొద్దున కొట్టు తెరిస్తే పైకప్పు నుంచి నీళ్ళు కుండ మీద కారుతున్నాయి. ముసలోడు కుళాయి కట్టడం మరిచిపోయాడని తిడుతూ పైకెళ్ళింది. వెనక గది గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు.

"చేతిలో ఏమైనా ఉందా, ఆలింగ్ తొమాసా?"

"తోలు సంచి. కెమెరాకి తొడుగుతారే, అది. అంత దెబ్బ తిన్నా వదల్లేదమ్మా పిడికిలి."

నిన్న ఎవరు వచ్చారని అడిగాను. సాయంత్రం చర్చి గంటలు కొట్టే వేళకి ఒకడు వచ్చాడట. అంతకు ముందు రోజు కూడా వచ్చాడట. మొదటిరోజు కెమెరాలన్నీ దింపించి, గదంతా కలియజూసి, ఏదీ కొనకుండా కిందకొచ్చి గంజి తాగాడు. సెవెరో తన పాఠం ఒప్పజెప్పడం ఆవిడకి కింద నుంచే వినపడింది. ఆ పాఠం ఆ వీధిలో అందరికీ నోటికొచ్చు. ఎవరొచ్చినా సెవెరో ముందు డబ్బు సంగతి అడగడు. మీ వీధి చివరి కొట్లో ఏ బ్యాటరీ దొరుకుతుంది అని అడుగుతాడు. దాన్నిబట్టి కెమెరా.

"మరి వాడేం చెప్పాడు?"

"మూడోది బాగుందన్నాడు. దానికి అసలు బ్యాటరీ రాదు నాయనా, చెవిటి మిషను బ్యాటరీ అయితే ఇత్తడి ఉంగరం తొడిగి పెట్టచ్చు గానీ అది నీకెక్కడ దొరుకుతుంది, రెండోది తీసుకో అన్నాడు సెవెరో. వాడు నేను తెచ్చుకుంటాలెండి అన్నాడు."

"మనిషి ఎలా ఉంటాడు?"

"ఎలా ఉంటాడేమిటే. మనిషిలా ఉంటాడు. మర్యాదస్తుడు. తాగిన గిన్నె తానే కడిగి పెట్టి పోయాడు. నా మొగుడు నలభై ఏళ్ళలో ఒక్కసారి కడగలేదు."

నేను నవ్వాను. అప్పుడు నవ్వాను. గిన్నె కడిగేవాడు ఎక్కడ దొరుకుతాడు అనుకున్నాను, అంతే.

అంతలో మయూమి గుర్తొచ్చింది. మెట్ల మధ్యలో ఆగి ఫోన్ తీశాను. లోలాకి చేస్తే రింగు వినపడదు. నెస్తోర్‌కి మెసేజ్ పెట్టాను, మయూమి ఏం చేస్తోందని. వెంటనే జవాబు వచ్చింది. "పాప పడుకుంది, ఆతే. లోలా కూడా కునుకు తీస్తోంది. నేనున్నాగా. మీరు నింపాదిగా రండి." ఆతే అంటే అక్క. కన్న తమ్ముడు కూడా అంత నెమ్మదిగా పిలవడు. ఫోన్ లోపల పెట్టుకుని పైకెళ్ళాను.

పైన చూసిందాన్ని చూసినట్టు చెబుతాను.

నేల మీదంతా ఫిల్ము. కస్టమర్లు కడగమని ఇచ్చిన రోళ్ళన్నీ డబ్బాల్లోంచి లాగి వెలుగులో పడేశారు. చేపల రేవులో పేగులు తీసి పారేసినట్టు ఉంది. వెలుగు తగిలితే కడగని ఫిల్ము చచ్చిపోతుంది. వచ్చినవాడికి బొమ్మ చూడడం అక్కర్లేదు, చంపడమే కావాలి. దొరికిన ప్రతిదాన్నీ చంపాడు. అద్దాల బీరువాలో ఖరీదైన కెమెరాలు మాత్రం కదలలేదు. దొంగతనం అని రాసుకున్నవాళ్ళకి దండం పెట్టాలి.

యూసోన్ చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. చెప్పు, నువ్వేం చూశావో అన్నాడు. పరీక్ష పెట్టే పంతులులా.

తోలు సంచి గురించి చెప్పాను. బల్ల మీది మూడింట్లో రెండు కొంచెం పెద్దవి. బీరువా పైన ఇంకా రెండు సంచులు ఉన్నాయి, అవి ఆ రెండింటికే సరిపోతాయి. అంటే సెవెరో తీసింది మూడోదాని సంచి. సంచి బయటికి తీశాడంటే బేరం కుదిరింది. బేరం కుదిరి, సంచి కోసం వెనక గదిలోకి తిరిగాడు, వీపు చూపించాడు. కొట్టినవాడు దొంగలా దూరినవాడు కాదు, కెమెరా కొన్నవాడు.

యూసోన్ తలూపాడు. "బాగుంది. కానీ మూడోదే ఎందుకు? బ్యాటరీ లేని కెమెరా ఎవడు కొంటాడు?"

"లేదని మీకెలా తెలుసు?"

ఆయన రుమాలుతో మూడో కెమెరా ఎత్తి, కిటికీ వైపు పట్టి, నా కన్ను దగ్గర పెట్టాడు. లోపల సన్నటి ముల్లు ఉంది. వెలుగు ఎంతుందో చెప్పే ముల్లు. కిటికీ వైపు తిప్పితే లేచింది, గోడ వైపు తిప్పితే పడింది.

"ఇది నేను ముందే చూశాను. నువ్వు కింద గంజి తాగుతున్నప్పుడు," అన్నాడు.

నాకు మంటెత్తింది గానీ ఆయన మాట నిజమే. నేను సంచి చూశాను, ముల్లు చూడలేదు. ముల్లు కదులుతోందంటే లోపల బ్యాటరీ ఉంది, అదీ కొత్తది. చెవి మిషను బ్యాటరీకి ఒక గుణం. వెనక అంటించిన కాగితం పీకితే గాలి తగిలి ప్రాణం వస్తుంది. వాడినా వాడకపోయినా ఆ ప్రాణం కొన్ని వారాలే. అందుకే సెవెరో అమ్మకానికి పెట్టిన కెమెరాలో దాన్ని ఎప్పుడూ ఉంచడు. వచ్చినవాడే తెచ్చాడు, సెవెరో ఉంగరం తొడిగి వేసిచ్చాడు. మళ్ళీ రావడానికి వాడికి ఒక వంక కావాలి. ఆ బ్యాటరీయే వంక.

వాడికి రోలు దొరికిందా లేదా అన్నదే ఇక మిగిలింది.

అప్పుడు కుళాయి గుర్తొచ్చింది. తొమాసా కట్టేసిన కుళాయి. వెనక గదిలో తొట్టిలో, కుళాయి కింద సరిగ్గా మధ్యన, నల్లటి గిన్నెలాంటిది ఒకటి ఉంది. మూత లేదు, నిండా నీళ్ళు. ఎవరైనా చూస్తే ఎంగిలి లోటా అనుకుంటారు. సెవెరో కుళాయి మరిచిపోయే మనిషి కాదు. ఫిల్ము కడిగాక చివర పారే నీళ్ళలో కాసేపు ఉంచాలి, మందు పోవడానికి. ఆ కాసేపట్లో కస్టమర్ వచ్చాడు. ముసలాయన కుళాయి వదిలేసి బయటికొచ్చాడు. రాత్రంతా ఆ నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయి.

చెయ్యి పెట్టి తీశాను. చక్రానికి చుట్టుకుని ఉంది ఫిల్ము. తడిగా, మెత్తగా, చల్లగా. యూసోన్ కిటికీ తెర పక్కకి లాగాడు. ఒక్కొక్క గడీ వెలుగులో చూసుకుంటూ వచ్చాను. నేను వెంటాడిన ఆ మనిషి, సందు, గోడ. మనిషి ముఖం నల్లగా, జుట్టు తెల్లగా. వాడి భుజం వెనకాల తలుపు. తలుపు మధ్యలో చిన్న తెల్లటి మచ్చ, దానిపైన వంపు. నెగటివులో నల్లవన్నీ తెల్లవి. తాళం కప్ప. బయటవైపు.

నలుగురు ఆడవాళ్ళు. లోలా తొమ్మిది రాత్రులు ప్రార్థన చేయించిన పిల్ల. నాకు ఏడుపొచ్చింది.

"అది సీలు వేసిన చోట దొరికిన వస్తువు. పోలీసులకి ఇవ్వాలి," అన్నాడు యూసోన్.

"ఇచ్చాక అది ఉంటుందా?"

ఆ గడీని కిటికీ వెలుగుకి పట్టి, ఫోనుతో బొమ్మ తీసి అటార్నీకి పంపాను. ఆయన నన్ను ఆపచ్చు. ఆపలేదు. నేను ఫిల్ముని సెవెరో తీగెకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తుంటే, బల్ల అంచున కూర్చుని చాలా నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"లిగాయా, ఈ అడ్రసు నాకు బెనితెసే ఇచ్చాడు. రోలు ఈ కొట్టులో ఉందని. ఆయనకెవరు చెప్పారా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నా. నువ్వు ఎవరికి చెప్పావు?"

అటార్నీకి. సెవెరోకి ఎలాగూ తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదన్నాను.

"ఇంకెవరికీ?"

"లోలా కొన్సింగ్‌కి. మా పక్కింటావిడ. చచ్చిపోయిన పిల్ల కోసం రోజూ అడుగుతుంది, ఏమైందే, ఏమైందే అని. రోలు హిడాల్గోలో సెవెరో దగ్గర ఉంది, శుక్రవారానికి తేలిపోతుందని చెప్పాను. ఆవిడ ఎవరికీ చెప్పదు సార్. ఆవిడకసలు చెవుడు."

"చెవుడా. మరి ఎలా చెప్పావు?"

"ఎలా ఏముంది," అన్నాను. "గట్టిగా."

అన్నాక ఆ మాట నాకే వినపడింది.

మిషను పెట్టుకున్నా లోలాతో అందరం అరిచే మాట్లాడతాం. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ వినపడుతుంది.

యూసోన్ ఇంకా ఏదో అంటున్నాడు. పాడుచేసినవాటిలో నీ రోలు ఉందో లేదో వాడికి తెలీదు, ఇక తర్వాత ఎక్కడ వెతుకుతాడు, నీ ఇంట్లోనే కదా అంటున్నాడు. నేను మూడో కెమెరా తిరగేశాను. అడుగున చిన్న మూత. ఒక నాణెంతో తిప్పితే ఊడింది. ఇత్తడి ఉంగరంతో సహా బ్యాటరీ అరచేతిలో పడింది.

దాన్ని తిప్పి చూడడానికి నాకు మనసు రాలేదు. బొటనవేలితో అంచు తడిమాను, లోలా తడిమినట్టు.

గరుకు తగిలింది.

చుక్క ఎర్రగా ఉంది. నా గోళ్ళరంగే. కింది గురువారం రాత్రి మయూమిని ఒళ్ళో పెట్టుకుని పెట్టాను, అది నా మోచెయ్యి లాగితే ఒక చుక్క కొంచెం సాగిపోయింది. ఇది ఆ సాగిన చుక్కే.

గిన్నె కడిగి పెట్టాడంది తొమాసా. చాప ఎత్తి మరీ వెతికాడు. పాప పడుకుంది, ఆతే. లోలా కూడా కునుకు తీస్తోంది. నేనున్నాగా. వాడికి ఒక్క బ్యాటరీ చాలు. ప్యాకెట్టు మొత్తం ఎందుకు తీశాడు? ఆ ఇంట్లో ఏం జరిగినా ఆవిడకు వినపడకూడదని తీశాడు.

యూసోన్ నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. నేను చెప్పానో లేదో గుర్తులేదు, బ్యాటరీ ఆయన చేతిలో పెట్టాను. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తేది ఎవరని అడిగాడు. మా చుట్టుపక్కల వాళ్ళంతా పొద్దున్నే చేపల రేవుకి పోతారు. ఫోన్ ఎత్తేవాడు ఒక్కడే. నెస్తోర్.

"వాడికి చెయ్యకు," అన్నాడు. "నీకు తెలిసిందని వాడికి తెలియకూడదు. నింపాదిగా వస్తున్నానని మెసేజ్ పెట్టు."

పెట్టాను. ‘సరే తమ్ముడూ, ఇంకా పని ఉంది’ అని. ఆ అక్షరాలు కొట్టిన వేళ్ళు నావి కావనిపించింది. వాడు ఎమోజీ పంపాడు, నవ్వే ముఖం.

యూసోన్ మా పేట మంచిచెడ్డలు చూసే బరంగాయ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. మనిషిని పంపుతామన్నారు. ఎంతసేపట్లో అంటే, పంపుతాం అంటున్నాంగా అన్నారు. ఫిల్ముని తీగె మీదే వదిలేసి ఇద్దరం మెట్లు దూకాం. ఆయన మోటారు సైకిలు తాళాలు తీస్తూ, ఎక్కు అన్నాడు. నేను ఆయన వెనక ఎక్కాను.

వీధిలో శుక్రవారం జనం. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు, కొవ్వొత్తులు అమ్మేవాళ్ళు, చర్చిలో విగ్రహానికి అద్దడానికి గుడ్డలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు. హారను కొడుతుంటే తిరిగి చూస్తున్నారు, జరగడానికి చోటు లేక చూస్తూనే ఉన్నారు. బండి మనిషి నడిచినంత వేగంగా కూడా పోవడం లేదు. యూసోన్ చొక్కా పట్టుకుని ఉన్నాను. మయూమి ఇప్పుడు లేచే వేళ. లేవగానే నా కోసం ఏడుస్తుంది. రోజూ ఏడుస్తుంది. లోలా మిషను సర్దుకుని, వస్తున్నానే తల్లీ అంటుంది. ఈ రోజు అనదు.

మేము ఎప్పటికి చేరతామో నాకు తెలీదు. అందుకే అడుగుతున్నాను, మీరెవరైనా సరే, ఎక్కడున్నా సరే. మీ గోడకి అవతల చెవులు వినపడని ముసలమ్మ ఒకావిడ, ఆవిడ దగ్గర ఒక పసిపిల్ల ఉంటే, ఈ పేజీ ఇక్కడ ఆపి ఒక్కసారి వెళ్ళి చూసి రండి. తలుపు కొట్టకండి, ఆవిడకి వినపడదు. కిటికీలోంచి చూడండి. పిల్ల ఉందా, చూడండి.